నానో పసుపు ఒంటబడుతుందా? పడితే మంచిదేనా?

మా బాబాయికి డెబ్బై దాటాయి. పన్నెండేళ్లుగా షుగరు. రెండు మోకాళ్లూ అరిగాయి. మూడేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. మొన్న ఊరెళ్లినప్పుడు ఫ్రిజ్ మీద నుంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద ‘నానో కర్‌క్యుమిన్’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. ‘‘ఏరా, ఈ నానో అంటే ఏంటి? మామూలు పసుపు కంటే వంద రెట్లు ఒంటబడుతుందట. ఎంతైనా పసుపే కదా, పడకపోయినా పోయేదేముంది. ఏమంటావు?’’ అన్నాడు.

ఈ వ్యాపారం మొత్తం ఏ ఇరుసు మీద తిరుగుతోందో బాబాయి తనకు తెలియకుండానే చెప్పేశాడు. కొనేటప్పుడు ‘ఇది మామూలు పసుపు కాదు’ అంటాం. అనుమానం వచ్చినప్పుడు ‘పసుపే కదా’ అంటాం. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు. నిజంగానే వంద రెట్లు రక్తంలోకి వెళ్తుంటే దాని మంచిచెడ్డలు మళ్లీ మొదటి నుంచి లెక్క చూసుకోవాల్సిందే. కూరలో వేసే పసుపంత నిరపాయమైతే ఆ వంద రెట్లూ ఎక్కడో ఆవిరైపోయినట్టే.

ఈ ప్రశ్న ఇప్పుడు మన ముంగిట్లోకే వచ్చింది. జాతీయ పసుపు బోర్డు 2025 సంక్రాంతి నాడు మొదలైంది. జూన్‌లో నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం తెరిచారు. ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా మన దేశానిదే. 2022-23లో 1.53 లక్షల టన్నులు ఎగుమతి చేస్తే చేతికొచ్చింది సుమారు 20.7 కోట్ల డాలర్లు. అంటే కిలోకు డాలరున్నర కూడా పడలేదు. ఈ ఎగుమతులను 2030 కల్లా 100 కోట్ల డాలర్లకు చేర్చాలన్నది లక్ష్యం. కొమ్ములు, పొడి అమ్ముకుంటూ పోతే ఆ అంకె రాదు. అందుకే విలువ జోడించడం, ఔషధ గుణాల మీద పరిశోధన అనే మాటలు గట్టిగా వినిపిస్తున్నాయి. ఆ మెట్లలో పైమెట్టు ఈ నానో సీసాలే. నిజామాబాద్ రైతుకూ దుగ్గిరాల రైతుకూ నాలుగు డబ్బులు ఎక్కువ రావాలనే ఎవరైనా కోరుకుంటారు. ఆ సీసా మింగేవాళ్ల కాలేయం గురించి మాత్రం ఈ సందడిలో ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

తిన్న పసుపు ఎటు పోతోంది?

పసుపులో అసలు సరుకు అనుకునే కర్‌క్యుమిన్ ఉండేది 2 నుంచి 5 శాతం. చెంచాడు పొడిలో, అంటే 3 గ్రాముల్లో, సుమారు 90 మిల్లీగ్రాములు. దీన్ని 1815లోనే పసుపు నుంచి వేరు చేశారు. దాని నిర్మాణం 1910లో తేలింది. గాజు పాత్రల్లో, ఎలుకల్లో ఇది వాపును తగ్గిస్తుంది, క్యాన్సర్ కణాలను నిలవరిస్తుంది, ఇంకా చాలా చేస్తుంది. మనిషి ఒంట్లోకి వచ్చేసరికి మాత్రం ఆ బలం కనిపించదు.

అడ్డంకులు మూడు. ఒకటి, కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు. గ్లాసు నీళ్లలో పసుపు కలిపి వదిలేస్తే కాసేపటికి అడుగున పేరుకుంటుంది కదా, పేగులోనూ అంతే. నూనెలో కొంత కరుగుతుంది. తాలింపులో పసుపు వేసే మన అమ్మమ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. రెండు, పేగులోని క్షార గుణానికి అది తొందరగా విరిగిపోతుంది. మూడోది అన్నింటికంటే పెద్దది. ఎలాగోలా లోపలికి చేరిన ఆ కాస్తనూ పేగు గోడ, కాలేయం వదిలిపెట్టవు. దానికి చక్కెర తోకనో గంధకపు తోకనో తగిలించి పిత్తంతో పాటు బయటికి తోసేస్తాయి.

బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో ఆరోగ్యవంతులకు ఏకంగా 2 గ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చి చూశారు. రక్తంలో దాదాపు ఏమీ దొరకలేదు. మిరియాల్లోని ఘాటు పదార్థం పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు జోడిస్తే లభ్యత 2000 శాతం పెరిగింది. ఈనాటికీ సీసాల మీద కనిపించే ‘మిరియాలతో 20 రెట్లు’ అన్న మాటకు పుట్టిల్లు ఆ చిన్న అధ్యయనమే. దాదాపు సున్నాను 20 రెట్లు చేస్తే వచ్చేది పెద్ద అంకె కాదన్న సంగతి మాత్రం లేబుల్ మీదికి ఎక్కలేదు. పైగా మిరియం కర్‌క్యుమిన్‌ను మోసుకెళ్లదు. కాలేయం పెట్టుకున్న కాపలాను కాసేపు పక్కకు నెడుతుంది, అంతే. కాపలా లేనప్పుడు వేరే మందులు కూడా రక్తంలో ఎక్కువగా నిలుస్తాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్ స్థాయులు పైపరిన్‌తో పెరుగుతాయని ఎప్పుడో తేలింది.

ఇక్కడ మన హైదరాబాద్ మాట ఒకటి చెప్పుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 16 మంది పొగతాగేవాళ్లకు రోజూ 1.5 గ్రాముల చొప్పున 30 రోజులు పసుపు ఇచ్చి చూశారు. వాళ్ల మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయి. ఈ ఫలితాలు 1992లో వచ్చాయి. పసుపు క్యాన్సర్‌ను ఆపుతుందని దీనివల్ల రుజువు కాలేదు. ఆ సంస్థ ఇచ్చింది నానో కాదు, సారం కూడా కాదు, వంటింటి మోతాదులో పసుపు పొడి. అంటే పొడి రూపంలోనూ పసుపు ఒంట్లో ఏదో ఒక పని చేస్తోంది. దాన్ని ఎంతవరకు పెంచవచ్చు, పెంచితే ఏమవుతుంది అన్నదే అసలు తగువు.

కరిగిపోయే కుట్టు, కరిగిపోయే కణం

మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు. మన వెంట్రుక మందమే 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది. మందుల్లో వాడే నానోకణాలు ఎక్కువగా 50 నుంచి 300 నానోమీటర్ల మధ్య ఉంటాయి. ఎర్ర రక్తకణం పక్కన ఇలాంటి కణాన్ని ఊహించుకుంటే బస్సు పక్కన ఫుట్‌బాల్ పెట్టినట్టు.

‘ఒంట్లో కరిగిపోయే’ అన్న మాట మనకు కొత్తదేం కాదు. ఆపరేషన్ అయ్యాక ‘ఈ కుట్లు విప్పక్కర్లేదు, వాటంతటవే కరిగిపోతాయి’ అని డాక్టర్లు చెబుతుంటారు. 1970లలో ఆపరేషన్ థియేటర్లలోకి వచ్చిన ఆ దారాలు గ్లైకాలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం అనే చిన్న అణువులను దండలా గుచ్చితే తయారయ్యేవి. పెరుగుకు పులుపునిచ్చేది ఆ లాక్టిక్ ఆమ్లమే. పరుగెత్తితే మన కండరాలూ దాన్ని తయారు చేస్తాయి. ఒంట్లోని నీరు తగిలి దండ మెల్లగా తెగుతుంది. తెగిన ముక్కలు చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా బయటికి పోతాయి. అదే రకం పాలిమర్‌ను దారంగా కాకుండా పూసలుగా చేస్తే మందు దాచుకునే డబ్బా అవుతుంది. దాని పేరు పీఎల్‌జీఏ. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు నెలకోసారి పొడిచే ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్‌కు ఈ పద్ధతిలోనే 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవి నానో కంటే పెద్ద పూసలు. సూత్రం మాత్రం ఒకటే.

తయారీ చెప్పుకోవడానికి తేలికే. పాలిమర్‌నూ కర్‌క్యుమిన్‌నూ అసిటోన్ లాంటి ద్రావణిలో కలుపుతారు. కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే పదార్థం కలిపిన నీటిలో ఆ మిశ్రమాన్ని చుక్కచుక్కగా వదులుతూ తిప్పుతారు. ద్రావణి ఆవిరైపోతే కర్‌క్యుమిన్‌ను కడుపులో పెట్టుకున్న నానోకణాలు మిగులుతాయి. కణం పొట్ట నీరు తగలనివ్వదు కాబట్టి కర్‌క్యుమిన్ విరిగిపోదు. కణం చిన్నది కాబట్టి పేగు గోడను దాటే అవకాశం పెరుగుతుంది. దండ తెగే కొద్దీ సరుకు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. మొహాలీలోని నైపర్ శాస్త్రవేత్తలు ఇలాంటి కణాలను ఎలుకలకు తాగించి 2009లో ఫలితాలు వెల్లడించారు. మిరియాల సారంతో కలిపి ఇచ్చినదాని కంటే కనీసం 9 రెట్లు కర్‌క్యుమిన్ రక్తంలోకి చేరింది.

పాలిమర్ ఒక్కటే దారి కాదు. కొవ్వు పొరలతో చేసిన లైపోజోములు, సబ్బు నురగ సూత్రంతో పనిచేసే మైసెల్స్, రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్‌తో చేసే కణాలు, రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్ కణాలు... ఇలా చాలా ఉన్నాయి. అమెరికాలో ఉంటున్న మన పిల్లలు కొవిడ్‌కు వేయించుకున్న ఫైజర్, మోడర్నా టీకాలు కూడా కొవ్వు నానోకణాల్లో చుట్టి ఇచ్చినవే. కాబట్టి ‘నానో అంతా మోసం’ అనేసి లేచిపోవడం కుదరదు.

మొక్క మందు గెలిచిన చోటు

ఈ పద్ధతి మొక్కల నుంచి వచ్చిన మందు విషయంలో నిజంగా గెలిచింది. ఆ గెలుపు ఎలా వచ్చిందో చూస్తే పసుపుకు ఇంకా ఏం తక్కువైందో అర్థమవుతుంది.

అమెరికా పసిఫిక్ తీరపు అడవుల్లో యూ అనే చెట్టు ఉంది. దాని బెరడులోని ప్యాక్లిటాక్సెల్ అణువు రూపాన్ని 1971లో మన్రో వాల్, మన్‌సుఖ్ వాణి లోకానికి చెప్పారు. వాణి మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవాడు. 1992లో అండాశయ క్యాన్సర్ మందుగా దానికి అనుమతి వచ్చింది. కర్‌క్యుమిన్ లాగానే ఇదీ నీళ్లలో కరగని మొండి సరుకు. నరంలోకి ఎక్కించాలంటే ఆముదం నుంచి రసాయనికంగా తయారు చేసిన ఒక ద్రావణిలో కలపాల్సి వచ్చింది. చిక్కు అక్కడే వచ్చింది. ఆ ద్రావణి కొందరిలో ప్రాణం మీదికి తెచ్చేంత అలర్జీ రేపేది. మందు ఎక్కించే ముందు స్టెరాయిడ్లు ఇవ్వాలి, మూడు గంటలు మెల్లగా ఎక్కించాలి, మామూలు ప్లాస్టిక్ గొట్టాలు కూడా పనికిరావు.

2005లో ఆ ద్రావణిని పూర్తిగా తీసేసి, మనిషి ఆల్బుమిన్‌తో చేసిన 130 నానోమీటర్ల కణాల్లో ప్యాక్లిటాక్సెల్‌ను పెట్టిన మందుకు అమెరికా అనుమతి ఇచ్చింది. స్టెరాయిడ్ల అవసరం పోయింది. ఎక్కించే సమయం అరగంటకు దిగింది. శరీర విస్తీర్ణంలో చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాములు ఇచ్చే చోట 260 ఇవ్వగలిగారు. ముదిరిన రొమ్ము క్యాన్సర్ మీద నేరుగా పోటీ పెట్టి చూస్తే పాత మందుతో 19 శాతం మందిలో, కొత్త రూపంతో 33 శాతం మందిలో కణితులు తగ్గాయి. ఇప్పుడు మన దేశంలోనూ అనేక కంపెనీలు దీన్ని తయారు చేస్తున్నాయి. క్యాన్సర్ ఆస్పత్రుల్లో ‘న్యాబ్’ అని పిలుస్తుంటారు.

గెలుపు అన్నాను గానీ, గెలుపు కూడా ఉచితంగా రాలేదు. ఎక్కువ మందు లోపలికి వెళ్లడంతో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, నరాలు దెబ్బతినడం పెరిగింది. క్లోమ క్యాన్సర్‌లో పాత మందు ఒక్కటే ఇస్తే సగటున 6.7 నెలలు బతికినవాళ్లు, దీన్ని కూడా కలిపితే 8.5 నెలలు బతికారు. అద్భుతం కాదు, కొలవగలిగిన మేలు. కణాన్ని మార్చినందుకు మోతాదు మారింది, దుష్ఫలితం మారింది, ఏ రోగికి ఎంత అన్నది మారింది. అవన్నీ వందల మంది రోగుల మీద లెక్కగట్టాకే మందు బయటికొచ్చింది.

ఓటమి కథ కూడా మన పెరటి మొక్కతోనే ఉంది. బిళ్లగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కు దశాబ్దాలుగా ప్రాణదాత. దాన్ని లైపోజోముల్లో పెట్టిన రూపానికి 2012లో అమెరికాలో షరతులతో అనుమతి దొరికింది. మేలును రుజువు చేయాల్సిన తర్వాతి పరీక్ష ఆ రుజువు ఇవ్వలేకపోయింది. 2022లో దాన్ని తప్పించారు. మంచి మొక్క, మంచి కణం రెండూ కలిసినా మంచి మందు అవుతుందన్న హామీ లేదు.

పసుపు దగ్గరికొస్తే...

కర్‌క్యుమిన్ మీద అప్పటికి జరిగిన పరీక్షలను మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథరిన్ నెల్సన్ బృందం 2017లో ఒక్కచోట పెట్టి చూసింది. మనుషుల మీద 120కి పైగా పరీక్షలు జరిగాయి. డమ్మీ మాత్రతో పోల్చి, ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకూ తెలియకుండా జరిపే గట్టి పరీక్షల్లో ఒక్కటీ విజయవంతం కాలేదని ఆ బృందం తేల్చింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. కర్‌క్యుమిన్ ప్రయోగశాల పరీక్షలను తికమక పెట్టే రకం అణువట. ఏ పరికరం ముందు పెట్టినా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఇది చివరి మాటేమీ కాదు. ఒంటబట్టకపోవడం వల్లే పరీక్షలు ఓడాయి, ఒంటబట్టేలా చేస్తే గెలుస్తాయి అని నానో వర్గం వాదన. వినదగ్గ వాదనే. జపాన్‌లో తయారైన సూక్ష్మకణ కర్‌క్యుమిన్‌తో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 40 మంది పెద్దవాళ్ల మీద 18 నెలలు పరీక్ష జరిపింది. రోజుకు రెండుసార్లు 90 మిల్లీగ్రాముల చొప్పున తీసుకున్నవాళ్లకు జ్ఞాపకశక్తి మెరుగైందని 2018లో ప్రకటించింది. నరాలు క్షీణించే ఏఎల్ఎస్ జబ్బులో నానో కర్‌క్యుమిన్ ఆయుష్షు పెంచిందని టెహ్రాన్ పరిశోధకులు 54 మందితో చేసిన పరీక్ష చెప్పింది. ఆశ కలిగించేవే. కానీ 40 మంది, 54 మంది. న్యాబ్‌ను క్లోమ క్యాన్సర్‌లో పరీక్షించడానికే 861 మందిని చేర్చుకున్నారని గుర్తుంచుకోండి.

నాకు ఆసక్తిగా అనిపించేది వేరే వరస. థాయ్‌లాండ్‌లో అజీర్తి ఉన్న 206 మందిని తీసుకుని కర్‌క్యుమిన్‌ను ఒమెప్రజోల్‌తో పోల్చారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయని 2023లో తేల్చారు. పెద్దపేగు పుండ్ల జబ్బుకు మామూలు మందుతో పాటు రోజుకు 3 గ్రాముల కర్‌క్యుమిన్ ఇస్తే నెలలో 26 మందిలో 14 మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. డమ్మీ తీసుకున్న 24 మందిలో ఒక్కరికీ రాలేదు. ఈ రెండు చోట్లా మందు పనిచేయాల్సింది కడుపులో, పేగులో. రక్తంలోకి వెళ్లాల్సిన పనే లేదు. కరగకపోవడం ఇక్కడ లోపం కాదు, సుగుణం! అక్కడ నానో రూపం ఇస్తే సరుకును అవసరమైన చోటు నుంచి లాగేసి, అవసరం లేని చోటికి పంపినట్టవుతుంది.

రెట్ల లెక్క

ఇక ఆ ‘వంద రెట్లు’. జర్మనీలో 23 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన ఒక అధ్యయనం 2014లో 185 రెట్లు అంది. మైసెల్ రూపంలో కర్‌క్యుమిన్ ఇచ్చినప్పుడు వచ్చిన అంకె అది. అధ్యయనం నిజాయతీగా జరిగిందే. కొలిచిన పద్ధతిని చూడాలి. రక్తాన్ని ముందు ఒక ఎంజైముతో శుద్ధి చేసి, కాలేయం తగిలించిన తోకలన్నీ కోసేసి, అప్పుడు మొత్తం కర్‌క్యుమిన్‌ను లెక్కపెట్టారు. అంటే కాలేయం ‘పనికిరాదు పో’ అని పక్కన పెట్టిన సరుకునూ కలిపి లెక్కించారన్నమాట. తోక లేని అసలు కర్‌క్యుమిన్ ఎంత ఉందన్నది వేరే ప్రశ్న. చాలా సీసాల మీది రెట్లు ఇలాంటివే. దేనితో పోల్చి, ఏది కొలిచి చెప్పారో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

కాలేయం చెబుతున్న మాట

రెట్లు కొంతైనా నిజమైతే? దానికి జవాబు ఇతర దేశాల్లో కొన్నేళ్లుగా వస్తోంది, మందుల షాపుల నుంచి కాదు, కాలేయ విభాగాల నుంచి.

మందుల వల్ల దెబ్బతిన్న కాలేయాలను నమోదు చేసే అమెరికా నెట్‌వర్క్ 2004 నుంచి 2022 దాకా పసుపు ఉత్పత్తుల వల్ల వచ్చిన 10 కేసులను గుర్తించింది. అన్నీ 2011 తర్వాతివే. ఐదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. 10 మందిలో ఏడుగురికి ఒకే రకం జన్యు గుర్తు ఉంది. గ్రీన్ టీ సారంతో కాలేయం దెబ్బతిన్నవాళ్లలోనూ కనిపించే గుర్తే ఇది. మూడు ఉత్పత్తుల్లో మిరియాల సారం ఉంది. ఇటలీ ఇలాంటి కేసులు వరసగా చూశాక 2022లో పసుపు సప్లిమెంట్ల మీద ఆరోగ్య ప్రచారాన్ని నిషేధించి, హెచ్చరిక ముద్రించమంది. ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది.

ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ ఆన్సెస్ 2022లో చెప్పిన మాట బాబాయి ప్రశ్నకు సూటిగా తగులుతుంది. ఐరోపాలో కర్‌క్యుమిన్‌కు సురక్షిత పరిమితి కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180. ఆహారంలో వచ్చేది పోను సప్లిమెంట్ల నుంచి 153 దాటకూడదని ఆన్సెస్ అంది. ఆ వెంటనే ఇంకో మాట చేర్చింది. ఎక్కువగా ఒంటబట్టేలా తయారు చేసిన కొత్త రూపాలకు ఈ పాత పరిమితి వర్తించదు, మిరియాలో నానో చుట్టో కలిపినప్పుడు హాని ఎక్కడ మొదలవుతుందో ఆ ఉత్పత్తికి విడిగా చూడాలి. మనం వెయ్యేళ్లుగా తింటున్న పసుపు చరిత్ర ఈ క్యాప్స్యూల్‌కు హామీ పత్రం కాదన్నదే దాని సారం.

కంగారు పడక్కర్లేదు. కోట్ల మంది వాడుతుంటే బయటపడినవి పదులూ వందల్లో కేసులు. ఇంట్లో వండే పసుపుకూ వీటికీ సంబంధం లేదు. అన్నంలో పప్పు మానేయకండి.

చుట్టిన గుడ్డ కూడా ముఖ్యమే. 2017లో అమెరికాలో ఒక యువతి నరంలోకి కర్‌క్యుమిన్ ఎక్కించుకుని గుండె ఆగి చనిపోయింది. అక్కడి ఔషధ సంస్థ ఆ సీసాను పరీక్షించింది. లేబుల్ మీద రాసిన కర్‌క్యుమిన్‌లో దాదాపు 2 శాతమే ఉంది. దాన్ని కరిగించడానికి వాడిన ఆముదపు ద్రావణి మందుల తయారీకి తగిన శుద్ధి లేనిది, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉంది. 2025లో మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లల ప్రాణాలు తీసిన రసాయనం అదే. ఒంట్లో కరిగిపోయే పాలిమర్ మంచిదే కావచ్చు. దాంతో పాటు మిగిలిపోయిన ద్రావణి ఎంత, కణాలను నిలబెట్టే సబ్బు పదార్థం ఏది అన్నది కూడా ఎవరో ఒకరు కొలవాలి కదా.

ఒకే పని, రెండు చట్టాలు

మన దేశంలో అసలు వింత ఇక్కడుంది. 2019 నాటి కొత్త మందుల నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న పాత మందునైనా సరే కొత్త పద్ధతిలో ఒంట్లోకి చేరవేస్తే అది మళ్లీ ‘కొత్త మందే’. పరీక్షలు పెట్టాలి, కేంద్ర అనుమతి తెచ్చుకోవాలి. నానో మందులను ఎలా అంచనా వేయాలో బయోటెక్నాలజీ విభాగం, ఐసీఎంఆర్, కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ కలిసి అదే ఏడాది మార్గదర్శకాలు కూడా ఇచ్చాయి. ప్యాక్లిటాక్సెల్‌ను నానో చేస్తే ఈ తూములన్నీ దాటాలి. కర్‌క్యుమిన్‌ను నానో చేసి ఆహార సప్లిమెంట్‌గా అమ్మితే దారి వేరు. కొత్త టెక్నాలజీతో చేసిన ఆహారానికి ముందస్తు అనుమతి కావాలని 2017 నిబంధనలు ఉన్నాయి గానీ, రోగుల మీద పరీక్షించి జబ్బు మీద పనిచేస్తుందని చూపించాల్సిన పని లేదు. ఎందుకంటే సప్లిమెంటు జబ్బు నయం చేస్తానని చెప్పకూడదు. సీసా మీద ఎక్కడో ఒక మూల ‘ఔషధ వినియోగానికి కాదు’ అని రాసి ఉండాలి కూడా. బాబాయి సీసా మీద ఉంది. భూతద్దం పెట్టి వెతికితే దొరికింది. ముందు వైపు మాత్రం మోకాలి బొమ్మ.

ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు చూపించి ‘ప్రభుత్వ అనుమతి ఉంది’ అనే సేల్స్ మాట కూడా వింటుంటాం. ఆ నంబరు తయారీదారుకు లైసెన్సు ఉందని చెబుతుంది. లోపలి క్యాప్స్యూల్ మీ మోకాలికి పనిచేస్తుందని చెప్పదు.

పసుపు బోర్డు నిజంగా విలువ జోడించాలనుకుంటే సీసాల సంఖ్య పెంచడం కంటే ఒక పెద్ద పరీక్షకు డబ్బు పెట్టడం మేలని నా అభిప్రాయం. కొన్ని వందల మంది మోకాళ్ల నొప్పి రోగులు, ఒక నానో రూపం, ఒక మామూలు కర్‌క్యుమిన్, ఒక డమ్మీ, ఏడాది పాటు నెలనెలా కాలేయ పరీక్ష. హైదరాబాద్‌లో మందుల పరిశోధనకు కావాల్సిన చేతులకు కొదవ లేదు. 1995లో అమెరికాలో పసుపు మీద పేటెంటు ఇచ్చినప్పుడు సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ‘ఇది మాకు ఎప్పటి నుంచో తెలుసు’ అని పత్రాలు చూపించి గెలిచాం. నానో పసుపు విషయంలో ఆ వాదన పనికిరాదు. ఇది మనకు కూడా కొత్తే.

ఇంట్లో ఇప్పటికే సీసా ఉంటే?

బాబాయికి చెప్పినవే మీకూ చెబుతాను. రక్తం పల్చబడటానికి మాత్రలు వాడుతుంటే డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకండి. వార్ఫరిన్ మీద ఉన్న ఒక రోగి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే రక్తం గడ్డకట్టే ఐఎన్ఆర్ అంకె 10 దాటిందని న్యూజీలాండ్ 2018లో హెచ్చరించింది. మామూలుగా అది 2 నుంచి 3 మధ్య ఉండేలా చూస్తారు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు కూడా అడిగే వాడాలి. ఆపరేషన్ దగ్గర పడితే ఈ సీసా సంగతి మత్తు డాక్టర్‌కు చెప్పాలి. ‘పసుపే కదా’ అని చాలామంది చెప్పరు. డాక్టర్లూ అడగరు.

మొదలుపెట్టిన నెల నుంచి కొన్ని నెలల్లోపు మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, కారణం లేకుండా దురద, నీరసం, ఆకలి మందగించడం కనిపించినా సీసా పక్కన పెట్టి కాలేయ పరీక్ష చేయించుకోండి. పచ్చకామెర్లు వస్తే ‘పసుపు ఎక్కువై పచ్చబడ్డాను’ అనుకునేవాళ్లూ ఉన్నారు, నవ్వకండి. సప్లిమెంట్ల వల్ల హాని జరిగిందన్న అనుమానం ఉంటే దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు మీరే ఫోన్ చేయవచ్చు. డాక్టరే చేయాలని లేదు.

బాబాయి మరుసటి వారం గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు సీసా జేబులో వేసుకెళ్లాడు. ఆయన కాలేయ పరీక్ష రాసి, అది వచ్చేదాకా ఆపమన్నాడట. ‘‘రిపోర్టు బాగానే వచ్చిందిరా. అయినా మళ్లీ వేసుకోనా వద్దా?’’ అని ఫోన్ చేశాడు. మోకాలి నొప్పి ఆ క్యాప్స్యూల్ వేసుకున్న రోజుల్లో తగ్గిందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘‘ఏమో, ఎండాకాలం కదా, ఎలాగూ తక్కువే ఉంటుంది’’ అన్నాడు.